తాళాల తాతను మాయం చేసిన కంప్యూటర్

కంప్యూటర్ ఉన్న గదిలోకి చెప్పులు విడిచి వెళ్లిన కాలం మాది. ఇప్పటి పిల్లలకు చెబితే నవ్వుతారు గాని, తొంభైల నడుమ మంచిర్యాలలో నేను పాఠాలు చెప్పిన కంప్యూటర్ సెంటర్ గుమ్మం ముందు చెప్పుల వరుస చూసినవాళ్లు లోపల ఆరాధన జరుగుతోందనుకునేవారు. లోపల చల్లని గాలి, నీలం తెరలు, ఎవరూ గొంతు పెంచి మాట్లాడరు. పుట్టినప్పటినుంచీ మందిరంలో (అంటే మా చర్చిలో) పెరిగినవాణ్ణి కాబట్టి ఆ వాతావరణం నాకు కొత్తగా అనిపించలేదు. కొత్తగా అనిపించింది ఒక్కటే. అక్కడ నాకంటే పెద్దవాళ్లు కూడా నన్ను ‘సార్’ అనేవారు. ఇరవై దాటిన కుర్రవాడు చెడిపోవడానికి అంతకంటే ఏమీ అక్కర్లేదు.

మాది బెల్లంపల్లి. మా నాన్న, అంటే బాపు, బాయిలో (బొగ్గు గనిని మేం బాయి అనే అంటాం) పనిచేసేవాడు. ఆరు రోజులు భూమి లోపల, ఏడో రోజు మందిరంలో ముందు వరుసలో. నేను పాకింది మందిరం చాపల మీద, అక్షరాలు కూడబలుక్కుంది ఆదివారపు బడి వాక్యాల మీద. వాక్యాలు కంఠతా చెప్పే పోటీలో ప్రతి ఏడూ సబ్బుపెట్టె బహుమతి నాదే (మా ఇంట్లో సబ్బు కంటే సబ్బుపెట్టెలు ఎక్కువగా ఉండేవి). తర్వాత కరీంనగర్‌లో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేశాను. ఆ చదువు పూర్తయ్యేసరికి నాకు రెండు సంగతులు సంపూర్ణంగా తెలుసన్న నమ్మకం కుదిరింది, ఒకటి పరలోకం, రెండోది కంప్యూటర్. రెండింటి విషయంలోనూ నేను గుమ్మం బయట చెప్పులు విడుస్తున్న దశలోనే ఉన్నానని ఎవరూ చెప్పలేదు. చెప్పినా వినేవాణ్ణి కాదేమో.

మా మందిరం సంఘానికి ఒక ఆస్తి ఉండేది. అది ఒక రికార్డు. అరచేతికంటే కొంచెం పెద్దదైన నల్లటి గ్రామఫోన్ రికార్డు. నేను పుట్టిన కొత్తలో ఎవరో రేడియో సువార్త వాళ్లు మా సంఘం పాటల గుంపును మద్రాసు తీసుకువెళ్లి, కోత పండుగకు మేము పాడుకునే పాటను పాడించి, ఆ రికార్డు అచ్చువేయించి ఇచ్చారు. పాడింది ఆదివారపు బడి పంతులమ్మ. హార్మోనియం ఒకరు, డోలక్ ఒకరు, వెనక గొంతు కలిపేవాళ్లు ఇద్దరు, తాళాలు ఒకరు. రికార్డు మధ్యనున్న గుండ్రటి కాగితం మీద పంతులమ్మ పేరు, దాని కింద ‘మరియు బృందం’ అని మాత్రమే ఉండేది. బొగ్గు క్వార్టర్లలో పెళ్లయినా, పసిబిడ్డను తొట్టెలలో వేసినా, కొత్త ఇంట్లో ప్రార్థన అయినా, అయ్యగారి (అంటే మా పాస్టర్‌గారి) ఇంట్లోని రికార్డు ప్లేయర్‌తో సహా ఈ రికార్డును మోసుకుపోయి వేసేవారు. అన్ని ఇళ్ల దుమ్మూ, అన్ని పండుగల బొగ్గు పొడీ దాని గాడుల్లోకి చేరాయి. నాకు ఊహ తెలిసేనాటికి ఆ పాట జడివానలో రేకుల కింద నిలబడి వింటున్నట్టు ఉండేది.

ఆ బృందంలో మిగిలి ఉన్నది ఒక్కరే. ఆయనే తాళాల తాత. మిగతావాళ్లంతా ఒకరి వెనక ఒకరు ప్రభువు దగ్గరకు వెళ్లిపోయారు. తాత బాయి పని నుంచి దిగిపోయాక కూడా మందిరంలో తాళాలు వదల్లేదు. రెండు చిన్న ఇత్తడి తాళాలు, వాటిని కలిపే తాడు కాలక్రమంలో చాలాసార్లు మారి చివరికి పెద్దవ్వ (తాత భార్య, మా అందరికీ పెద్దవ్వే) చీర అంచు అయింది. పాట మొదలైతే తాత కళ్లు మూసుకునేవాడు. పాట అయిపోయాక కూడా ఒకటి రెండు దెబ్బలు పడేవి. కళ్లు మూసుకున్నాడు కదా, ఆయనకు కబురు ఆలస్యంగా చేరేది.

తాతకు ఒక్కటే పరేషాన్. ఆ రికార్డులో ఆయన తాళం ఉందా లేదా అన్నది సంఘంలో తేలని విషయం. దానికి కారణం సెక్రటరీ మామ. ఈ మామ సంఘానికి సెక్రటరీ, పెద్దవ్వకు స్వయానా తమ్ముడు, అంటే తాతకు బావమరిది. మా వైపు బావమరిదికి బావను ఏడిపించడం పుట్టుకతో వచ్చిన హక్కు. మామ ఆ హక్కును ఒక్క ఆదివారం కూడా వృథా చేయలేదు.

“మా బావ మద్రాసు పోయిండు. ఔ, పోయిండు. ఎందుకు పోయిండు? ఇడ్లీలు తిన పోయిండు,” అనేవాడు మందిరం బయట అరుగు మీద.

“తాళం కొట్టినరా నేను. ఎన్నిసార్లు చెప్పాలె?”

“ఏడ నిలబడి కొట్టినవ్?”

తాత గొంతు కొంచెం తగ్గేది. “తలుపుకాడ నిలబెట్టిండ్రు. నాది సప్పుడు ఎక్కువైతాందని. మొకం గోడకు పెట్టి కొట్టుమన్నరు. కొట్టిన.”

“గోడకు ఇనవడ్డదేమో బావా. రికార్డుకు ఇనవడలే.”

నిజానికి ఆ రికార్డులో, ఆ జడివాన వెనక, చెవి పెట్టి వింటే ఏదో ‘టింగు టింగు’ అన్నట్టు ఉండేది. అది తాళమా, గీత మీద ముల్లు ఎగిరిన చప్పుడా అన్నది వినేవాడి విశ్వాసాన్ని బట్టి ఉండేది. విశ్వసించినవాళ్లకు తాళం. మామకు గీత.

సంఘానికి యాభై ఏళ్లు నిండిన సంవత్సరం మూడు రోజుల పండుగ పెట్టారు. శుక్రవారం సాయంత్రం ఆ రికార్డు వేయాలనీ, బృందంలో ఉన్నవాళ్లకు, పోయినవాళ్ల ఇళ్లవాళ్లకు శాలువాలు కప్పాలనీ పెద్దలు తీర్మానించారు. పేర్లు చదువుతూ మామ తాత పేరు దగ్గర ఆగి, నవ్వు దాచుకుని, “తాళం ఇనవడితే కప్పుదాం, ఇనవడకపోతే నాకు కప్పుండ్రి, అక్కను ఇచ్చినందుకు,” అన్నాడు. అందరూ నవ్వారు. తాత కూడా నవ్వాడు. కాని మర్నాడు పొద్దున్నే మా ఇంటికి వచ్చి, బాపుతో మాటలాడుతున్నట్టు కూర్చుని, నా వైపు తిరిగాడు.

“బిడ్డా, నిర్మల్ నుంచి నా బిడ్డ, అల్లుడు, మనుమలు వస్తాండ్రు పండుగకు. శాలువ ఫికర్ నాకు లేదు. గనీ పిల్లలకు నేనే చెప్పుకున్న, మీ తాత రికార్డుల ఉన్నడని. వాండ్ల ముంగట మీ మామ గా ఇడ్లీల ముచ్చట చెప్తడు.” కొంచెం ముందుకు జరిగి అన్నాడు. “నీ కంప్యూటర్ల ఏదో మిషినున్నదట కదా, గీతలు తీస్తదట. గీతలు తీస్తే నా తాళం మిగులుతది గద.”

ఈ సంగతి ఆయనకు ఎలా తెలిసిందంటే, నేనే సంఘమంతా చాటాను కాబట్టి. మా సెంటర్లో ఒక కంప్యూటర్‌కు కొత్తగా సౌండ్ కార్డు బిగించాం. శబ్దాన్ని అంకెలుగా మార్చి, ఆ అంకెల మీద లెక్కలు కట్టి, మళ్లీ శబ్దంగా చేసే విద్య అందులో ఉంది. డిజిటల్ సిగ్నల్ ప్రాసెసింగ్ అంటారు. నేను ఆ మూడు మాటల్నీ యువజన కూటంలో ఎంత భక్తితో పలికేవాణ్ణంటే, వెనక బెంచీ వాళ్లు ‘ఆమేన్’ అనేవారు. పాత పాటల్లోని చిటపటలు ఏరిపారేసే ప్రోగ్రాము కూడా హైదరాబాద్ మిత్రుడొకడి సీడీలో దొరికింది. దాన్ని నేను అప్పటికి ఒక్క పాట మీద కూడా వాడలేదు. ఆ చిన్న సంగతి మాత్రం చాటలేదు.

“తాతా, నువ్వు ఫికర్ చెయ్యకు. నీ తాళం గుడిగంట లెక్క ఇనవడ్తది,” అన్నాను.

“గుడిగంటెందుకు, తాళం లెక్కనే ఇనవడితే సాలు,” అన్నాడు తాత.

బెల్లంపల్లి నుంచి ప్యాసింజర్‌లో మంచిర్యాలకు బయలుదేరాం. రికార్డు ప్లేయర్‌ను దుప్పట్లో చుట్టి నా ఒళ్లో పెట్టుకున్నాను. రికార్డును మాత్రం తాత నాకివ్వలేదు. రెండు పళ్లేల మధ్య పెట్టి, తువ్వాలతో కట్టి, రొమ్ముకు ఆనించుకుని నిలబడే వచ్చాడు. సీటు దొరికినా కూర్చోలేదు. “కూసుంటే పక్కోడు ఆనుకుంటడు” అన్నాడు. సెంటర్ గుమ్మం దగ్గర నేను చెప్పకముందే చెప్పులు విడిచి, కాళ్లు కడుక్కోవడానికి నీళ్లెక్కడున్నాయని అడిగాడు.

ప్లేయర్ నుంచి తీగ తెచ్చి సౌండ్ కార్డు వెనక గుచ్చాను. ముల్లు మెల్లగా దించాను. తెర మీద ఆకుపచ్చ గీత వణకడం మొదలైంది. తాత చెవులకు హెడ్‌ఫోన్ పెట్టాను. ఆయన వెంటనే కళ్లు మూసుకుని, నా మోచెయ్యి పట్టుకున్నాడు.

“గదిగో. గదిగో. ఇంటాన్నవా?” అని చెవుల్లో పాట ఉన్నవాళ్లు అరిచినట్టే అరిచాడు. పక్క గదిలో టైపు నేర్చుకుంటున్న పిల్లలు తొంగి చూశారు.

“ఇంటున్న తాతా,” అన్నాను. నేను వినడం లేదు. చూస్తున్నాను. తెర మీద పాట ఒక కొండల వరుసలా కనబడుతోంది. దాని మీద అక్కడక్కడా సన్నగా, నిటారుగా, సూదుల్లాంటి గీతలు లేచి ఉన్నాయి. అవన్నీ దుమ్ము, గీతలు, పాపం. నా పని వాటిని ఏరడం. ఆ సూదుల్లో కొన్ని చాలా క్రమంగా, ఒకదానికొకటి సమదూరంలో ఉన్నాయని ఇప్పుడైతే ఎవడైనా గమనిస్తాడు. అప్పుడు నాకు వాటి క్రమం చూస్తే కోపం వచ్చింది. పాపం కూడా ఇంత క్రమశిక్షణగా ఉంటుందా అనుకున్నాను.

ఆ ప్రోగ్రాములో ఒక మీట ఉంటుంది. ఎంత కఠినంగా ఏరాలో ఆ మీటతో చెప్పాలి. ఒక కొసన పెడితే పెద్ద చిటపటలు మాత్రమే పోతాయి. రెండో కొసకు జరిపేకొద్దీ, ఉలిక్కిపడినట్టు లేచే ప్రతి చప్పుడునూ అది దోషిగా పట్టుకుంటుంది. పట్టుకున్న చోట చప్పుడు కోసేసి, ఇరుపక్కలా ఉన్నదాన్ని చూసి మధ్యను తనే ఊహించి అతికిస్తుంది. బుద్ధి ఉన్నవాడు నడుమ ఎక్కడో పెట్టి విని చూస్తాడు. నేను చిన్నప్పటినుంచీ పరిశుద్ధత మీద ప్రసంగాలు విన్నవాణ్ణి. సగం పరిశుద్ధత అంటూ ఒకటి ఉండదని నాకు తెలుసు. మీటను ఆ కొసదాకా తోసేశాను. అది చాలదన్నట్టు, ‘సుయ్’మనే సన్నని చప్పుళ్లు తీసే ఇంకో లెక్క కూడా దాని మీద నడిపాను. తాళం దెబ్బ మొదటి లెక్కలో పోతే, దాని మోత రెండో లెక్కలో పోతుందని నాకు తట్టలేదు.

ఆ రోజుల్లో కంప్యూటర్ ఈ పని చేయాలంటే పొద్దున పెట్టిన పప్పు ఉడికినంత సేపు పట్టేది. తాతకు తిరుగు బండి వేళైంది. “అయినంక చెప్పు బిడ్డా” అని రికార్డును మళ్లీ పళ్లేల మధ్య కట్టుకుని వెళ్లిపోయాడు. తర్వాత నేను విన్నాను. ఆహా అనుకున్నాను. వాన ఆగిపోయింది. పంతులమ్మ గొంతు కడిగిన ఆకులా ఉంది. ఎన్నిసార్లు విన్నానో. కాని నేను పాట వినలేదు, చప్పుడు పోయిందా లేదా అని విన్నాను. డోలక్ ఎవరో పరుపు దులుపుతున్నట్టు ఉందని ఒక్కసారి అనుమానం వచ్చింది. పాత డోలక్ కదా, అంతే ఉంటుంది అని నన్ను నేను ఓదార్చుకుని, క్యాసెట్టులోకి ఎక్కించాను.

శుక్రవారం సాయంత్రం మందిరం ముందు షామియానా. నిర్మల్ అల్లుడు ఇస్త్రీ చొక్కాలో, మనుమలు ముందు చాప మీద, తాత తలకు నూనె రాసుకుని పెద్దల వరుసలో. క్యాసెట్టు పెట్టి మీట నొక్కితే సరిపోయేది. కాని మైకు చేతికొచ్చింది. మైకు చేతికొస్తే సాక్ష్యం చెప్పకుండా వదిలే అలవాటు మా సంఘంలో ఎవరికీ లేదు.

“ప్రియులారా, మన బతుకు ఒక రికార్డు లాంటిది,” అని మొదలుపెట్టాను. “దాని మీద లోకపు దుమ్ము పడుతుంది. శోధనల గీతలు పడతాయి. మనం వాటికి అలవాటు పడి, ఆ గీతలే పాట అనుకుంటాం. దేవుడు చేసేది డిజిటల్ సిగ్నల్ ప్రాసెసింగ్. ఆయన మనలోని ప్రతి చప్పుడునూ పరీక్షిస్తాడు. ఏది పాటో, ఏది పాపమో ఆయన లెక్కకు తప్పదు. పాపాన్ని తీసి, పాటను మిగులుస్తాడు.” ఇంకా చాలా చెప్పాను. అయ్యగారు రెండుసార్లు గడియారం చూసుకున్నారని తర్వాత బాపు చెప్పాడు.

పాట మొదలైంది. జనం నిజంగానే ముగ్ధులయ్యారు. పంతులమ్మ చెల్లెలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మొదటి చరణం అయింది. ఒక మనుమడు తాత వైపు తిరిగి ఏదో అడిగాడు. తాత “వస్తది, ఆగు” అన్నట్టు చెయ్యి చూపాడు. రెండో చరణం అయింది. తాత కళ్లు తెరిచాడు. పాట నడుస్తుండగా ఆయన కళ్లు తెరిచి ఉండటం నేను చూసింది అదే మొదటిసారి. అప్పుడు నేను మొదటిసారిగా ఆ పాట విన్నాను. అందులో గొంతు ఉంది, హార్మోనియం ఉంది, పరుపు దులుపుడు ఉంది. తాళం లేదు. దూరంగా కాదు, సన్నగా కాదు, అసలు లేదు.

పాట ఆగాక మామ తొందరపడలేదు. గొంతు సవరించుకుని నెమ్మదిగా అన్నాడు. “ఇగ నేను చెప్పేదేమున్నది? ఇన్నేండ్లు నేనంటే నమ్మలే. ఇయ్యాల కంప్యూటరే చెప్పింది. అన్ని పరీక్ష చేసి చెప్పింది. మా అల్లుడు ముందుగాలనే చెప్పె గద, దాని లెక్క తప్పదని.” (నన్ను అల్లుడనడం ఆప్యాయతే. ఆ రోజు ఆప్యాయతగా వినిపించలేదు.)

నవ్వులు వచ్చాయి. శాలువాల వంతు వచ్చినప్పుడు తాత పేరు పిలవకముందే ఆయన లేచి, తాళాలు జేబులో వేసుకుని, పొయ్యి దగ్గర వంటవాళ్లకు నీళ్లు తోడతానని వెళ్లిపోయాడు. నిర్మల్ అల్లుడు, “పెద్దమనిషి, యాదిమరుపు ఉంటది తియ్యుండ్రి” అని పక్కాయనతో అన్నాడు. నేను మైకు స్టాండు వెనక నిలబడి ఉన్నాను. మైకు స్టాండు వెనక మనిషి దాక్కోలేడని నాకు అప్పుడే తెలిసింది.

అందరూ భోజనాలకు కూర్చున్నాక నేను తాత దగ్గరకు వెళ్లాను. ఆయన బాన దగ్గర చెంబుతో నీళ్లు పోస్తున్నాడు. నేను నోరు తెరవకముందే, “ఒక ముచ్చటడుగుత, నిజం చెప్పు. గప్పుడు నేను తాళం కొట్టనేలేదా బిడ్డా?” అన్నాడు.

తిట్టి ఉంటే బాగుండేది. నన్ను అనుమానించలేదు ఆ మనిషి. తనను తాను అనుమానించుకుంటున్నాడు.

“కొట్టినవ్ తాతా. నేనే తీసేసిన.”

“నువ్వెందుకు తీస్తవ్?”

అక్కడే విస్తరి ముందు కూర్చున్న అయ్యగారు తలెత్తారు. ఆయనకు కంప్యూటర్ గురించి ఏమీ తెలియదు. ఊరికే, అన్నం కలుపుతూ అడిగారు. “తీసినవ్ సరే. తీసింది ఏడ పెట్టినవ్?”

“ఎక్కడా పెట్టలేదయ్యగారూ. పారేసింది కదా,” అన్నాను. అన్న తర్వాతే ఆ మాట నాకే తగిలింది. గోధుమ పొలంలో గురుగులనే కలుపు మొలిస్తే, వాటిని పెరుకుతామన్న పనివాళ్లను యజమాని ఆపిన కథ నేను ఎన్నిసార్లు ఆదివారపు బడిలో పిల్లలకు చెప్పానో. పెరికేటప్పుడు గోధుమలు కూడా ఊడి వస్తాయి, ఆగండి అంటాడు యజమాని. ఆ కథలో నేనెప్పుడూ యజమాని వైపునుంచే చెప్పేవాణ్ణి. చేతిలో పిడికెడు గోధుమలతో నిలబడ్డ తొందరపాటు పనివాడు కథలో ఉండొచ్చని అనుకోలేదు. అయితే ఒక వెసులుబాటు ఉంది. నేను పెరికిన కట్ట ఇంకా దొరుకుతుంది. మొదట ఎక్కించిన పాట కంప్యూటర్లో అలాగే ఉంది, శుభ్రం చేసింది కూడా ఉంది. దానిలోంచి దీన్ని తీసివేస్తే మిగిలేది నేను పారేసిందే.

శనివారం పొద్దుటి బండికే మంచిర్యాల వెళ్లాను. శుభ్రం చేసిన పాటను తలకిందులు చేసి (అంటే ప్రతి అంకెకూ ప్లస్ మైనస్ గుర్తు మార్చి) అసలు పాటకు కలిపాను. రెండింటిలోనూ ఉన్న గొంతూ హార్మోనియం ఒకదాన్నొకటి కొట్టేసుకుని మాయమైపోయాయి. హెడ్‌ఫోన్ పెట్టుకుని, ఈసారి తెర వైపు చూడకుండా, తాతలాగే కళ్లు మూసుకుని విన్నాను. విన్నాక దాన్ని కూడా క్యాసెట్టులోకి ఎక్కించాను.

ఆదివారం ఆరాధన ముగిసి ఆశీర్వాదం ఇవ్వబోయే ముందు అయ్యగారిని బతిమాలి అనుమతి తీసుకున్నాను. ఆయన ఒకే షరతు పెట్టారు. “మాట్లాడకు. పాట ఒక్కటే పెట్టు.” పెట్టాను.

ముందు వచ్చింది వట్టి చిటపట. పెనం మీద పేలాలు వేగినట్టు. పిల్లలు కిసుక్కున నవ్వారు. మామ “గిదేం పాటరా, ఎవలింట్ల వంట?” అన్నాడు. ఆ తర్వాత, పేలాల నడుమ, టింగ్. కాస్త ఆగి టింగ్. గొంతు లేదు, హార్మోనియం లేదు, పాట లేదు. తలుపు దగ్గర, గోడకు మొహం పెట్టి నిలబడ్డ ఒక మనిషి చేతుల్లోని రెండు ఇత్తడి బిళ్లలు మాత్రం. నవ్వులు వాటంతటవే ఆగాయి. ఆడవాళ్ల వైపు ఎవరో ఆ తాళం మీదికి పాటను సన్నగా అందుకున్నారు. ఒకరి వెనక ఒకరు అందరూ అందుకున్నారు, నోటికి వచ్చిన పాటే కదా.

మామ మాత్రం చేతులు కట్టుకుని, “తాళమే, ఒప్పుకుంట. గనీ మా బావ తాళమని ఏం గ్యారంటీ? మద్రాసుల తాళం కొట్టెటోండ్లే లేరా?” అన్నాడు. అంకెలకు మనిషి పేరు తెలియదు.

మూడో చరణం వచ్చింది. రెండో వరస నడుమ తాళం ఆగిపోయింది. చిటపట ఉంది, తాళం లేదు. ఒక దెబ్బ పోయింది, రెండో దెబ్బ పోయింది. తర్వాత బండి తప్పిపోతున్న మనిషిలా, గబగబా, ఒక దెబ్బ ఎక్కువే కొట్టి వచ్చి కలుసుకుంది. మందిరంలో పాడుతున్నవాళ్లంతా సరిగ్గా అక్కడే, అలవాటుగా, ఆ తాళం కోసం ఒక్క క్షణం ఆగారు. ప్రతి కోత పండుగకూ అక్కడ ఆగడం మాకు అలవాటు. ఎందుకు ఆగుతామో ఎవరూ ఎన్నడూ ఆలోచించలేదు.

ఆడవాళ్ల వైపునుంచి పెద్దవ్వ నవ్వు వినిపించింది. మందిరంలో ఆమె అంత గట్టిగా నవ్వడం ఎవరూ ఎరగరు.

“గీయనే. నా మొగడే. గా వరస రాంగనే నోరు కలుపుతడు. నోరు పాడితే చెయ్యి ఆగుతది గీయనకు. మద్రాసు పోయి గూడ గదే జేసిండా?”

తాత తల వంచుకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. మనుమలు ఆయన మీద పడి చేతులు లాగుతున్నారు. మామ లేచాడు. తర్వాత బల్ల మీద మిగిలిన శాలువా తీసుకుని బావ దగ్గరికి నడిచి, భుజాల మీద కప్పుతూ అన్నాడు. “మా బావే. గింత మంచిగ తాళం తప్పుడు ఇంకెవ్వలకు రాదు.”

ఆ సాయంత్రం మంచిర్యాల నుంచి తెచ్చిన రికార్డు ప్లేయర్‌ను అయ్యగారింట్లో పెట్టి వస్తుంటే తాత దారిలో నా కోసం నిలబడి ఉన్నాడు. శాలువా అంత ఉక్కలోనూ తీయలేదు. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అడిగాడు.

“బిడ్డా, గా పోయిన రెండు దెబ్బలు నీ కంప్యూటర్ల అతికియ్యరాదా? వేరే చరణంలకెళ్లి తెచ్చి? ఎవలకు ఎరుక అయితది?”

అతికించవచ్చు. చిటికెలో పని. నా చేతులు అప్పుడే దురద పెట్టాయి, ఎక్కడినుంచి కోయాలో, ఎక్కడ పెట్టాలో కూడా మనసులో కొలత వేసేశాను. రెండు రోజుల కిందటి అవమానం అప్పటికే నన్ను వదిలేసిందన్నమాట. వెనకనుంచి పెద్దవ్వ వచ్చి ఉండకపోతే ఆ రాత్రే బండెక్కేవాణ్ణి.

“నీకు మతి ఉన్నదా?” అంది ఆమె, మొగుణ్ణో నన్నో తెలియకుండా, బహుశా ఇద్దర్నీ. “గవ్వి అతికిస్తే నిన్నెవలు గుర్తువడ్తరు? ఇంకో మద్రాసాయన అయితవ్.”

తాత ఆలోచించాడు. “ఉండనియ్యి మరి,” అన్నాడు. కొంత దూరం నడిచాక మళ్లీ వెనక్కి తిరిగి, “ఒక్కటన్న?” అన్నాడు. పెద్దవ్వ శాలువా కొస పట్టుకుని లాక్కుపోయింది.

ఆ దంపతులిద్దరూ ఇప్పుడు లేరు. మామ కూడా లేడు. పోయేముందు ఆ పేలాల క్యాసెట్టు తెప్పించుకుని విన్నాడని చెప్పారు. నేను మాత్రం అదే మందిరంలో, మిక్సర్ ముందు కుర్చీలో, పెద్దవాణ్ణయి కూర్చున్నాను. మా పాటల గుంపు పిల్లలు ఫోన్లోనే రికార్డు చేసి, ఒక్క మీట నొక్కి, గొంతులోని తడబాటంతా తీసేస్తారు. “కొంచెం ఉంచండిరా, తర్వాత మిమ్మల్ని మీరు గుర్తుపట్టాలి కదా” అంటాను. వాళ్లు “సరే అంకుల్” అంటారు. ఆ ‘సరే’ ఏ రకం సరేనో నాకు బాగా తెలుసు. నేను కూడా చాలామంది పెద్దలకు ఆ ‘సరే’ చెప్పే పెరిగాను.

ఆ రెండు పాటల్లో నేను ఇంట్లో వినేది రెండోదే. శుభ్రమైనది ఎక్కడుందో వెతకాలి. పేలాల పాట పెడితే మా ఆవిడ వంటింట్లోంచి, “మళ్లా మొదలువెట్టిండు” అంటుంది. మూడో చరణం రెండో వరస వస్తుంది. తాళం ఆగుతుంది. అక్కడ నా చెయ్యి నన్నడగకుండానే లేచి, కుర్చీ చేతి మీద ఆ రెండు దెబ్బలూ తనే వేసేస్తుంది. ఏదైనా సరిచేయకుండా ఉండలేని ఆ కుర్రవాడు ఇంకా ఎక్కడికీ పోలేదు. అయితే పెద్దవ్వ కోప్పడాల్సిన పనేమీ లేదు. నేను వేసే రెండు దెబ్బలూ ఎప్పుడూ ఆలస్యంగానే పడతాయి. ఆ వరస రాగానే నేను కూడా నోరు కలుపుతాను మరి.